లోన్ సెటిల్‌మెంట్ కంపెనీకి 70 వేలు కట్టాక రాస్తున్న రివ్యూ, ఇల్లు తాకట్టులో ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి

5కి 2 ఇస్తున్నా. ఆ రెండు కూడా ఒక క్రెడిట్ కార్డు సెటిల్ చేయించినందుకు, ఫోన్లో మాట్లాడిన అమ్మాయి ఎప్పుడూ విసుక్కోకుండా మాట్లాడినందుకు. మిగతా మూడు ఎందుకు కోసానో చెప్పాలంటే మొత్తం కథ చెప్పాలి, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇప్పుడు పది పదిహేను కనిపిస్తున్నాయి, అన్నీ దాదాపు ఒకేలా మాట్లాడతాయి కాబట్టి మీరు ఏ దాంట్లో చేరబోతున్నా ఇది పనికొస్తుంది.

నాది రాజమండ్రిలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. 2021లో ఇల్లు పెట్టి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 24 లక్షలు మార్ట్‌గేజ్ లోన్ తీసుకున్నా, పదేళ్లకి, నెలకి 35,800 ఈఎంఐ. అది కాక రెండు కార్డులు, ఒక పర్సనల్ లోన్. రెండేళ్లు బానే కట్టా. తర్వాత పెద్ద ఆర్డర్లిచ్చే ఇద్దరు డబ్బులు ఆపేసారు, ఒక కార్డు మీద గీకి ఇంకో కార్డు కట్టడం మొదలైంది, అది మొదలైందంటే ఇంక ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు. 2024 ఫిబ్రవరిలో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆ నెల్లోనే ఫోన్లో యాడ్ కనిపించింది, "మీ లోన్లు సగానికి సెటిల్ చేస్తాం, రికవరీ ఏజెంట్ల ఫోన్లు మేం చూసుకుంటాం" అని. రాత్రి పదకొండింటికి ఫామ్ నింపా, పొద్దున్న తొమ్మిదింటికల్లా ఫోన్ వచ్చేసింది.

జాయినింగ్ 4,999, నెలకి 6,500, సెటిల్ అయిన ప్రతి లోన్లో మనకి ఎంత ఆదా అయిందో దాంట్లో 15 శాతం సక్సెస్ ఫీజు. ఎనిమిది నెలలు కట్టా. సక్సెస్ ఫీజు 13,200 కలిపితే మొత్తం 70,199 అయింది. వాళ్ల పద్ధతి ఏంటంటే మనం ఈఎంఐలు మొత్తం ఆపెయ్యాలి, ఆ డబ్బు పక్కన దాచుకోవాలి, ఐదారు నెలలు గడిచి బ్యాంకుకి ఆశ పోయాక తక్కువకి బేరం ఆడతారు. బ్యాంకు నంబర్లన్నీ వాళ్లకి ఫార్వర్డ్ అయ్యేలా ఒక సెట్టింగ్ పెట్టించారు. మొదటి నెల నాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది, అది దాచను. అంతకుముందు రాత్రి ఏడూ నలభైకి, ఎనిమిదింటికి కూడా ఫోన్లు వచ్చేవి, మా బావమరిదికి ఫోన్ చేసి "మీ బావ ఎక్కడున్నాడు" అని అడిగేవాళ్లు. ఈ అమ్మాయి లైన్లోకి వెళ్లి ఆర్‌బీఐ 2022 ఆగస్టులో ఇచ్చిన రూల్ చెప్పేది, పొద్దున 8కి ముందు సాయంత్రం 7 తర్వాత చెయ్యకూడదు, బంధువుల్నీ స్నేహితుల్నీ వేధించకూడదు అని. ఆ తర్వాత తగ్గాయి. కానీ ఆ రూల్ మనమే ఫోన్లో చెప్పొచ్చు, బ్యాంకుకి మెయిల్ పెట్టి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో కంప్లైంట్ పెట్టొచ్చు, రూపాయి ఖర్చు లేదు. దానికి నెలకి 6,500 అక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు అసలు విషయం. జాయిన్ అయ్యేటప్పుడే అడిగా, కార్డులు సరే, ఇంటి మీద ఉన్న లోన్ కూడా ఆపమంటున్నారు, ఇంటికి ఏమన్నా అవుద్దా అని. "ఏం కాదు సర్, మీకు లోన్ ఇచ్చింది బ్యాంకు కాదు, ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ), వాళ్లకి 50 లక్షలు దాటిన లోన్లకే సర్ఫేసీ వర్తిస్తుంది, మీది 24 కదా, వాళ్లు సివిల్ కోర్టుకి వెళ్లాలి, ఏళ్లు పడుద్ది" అన్నారు. ఫోన్లోనే కాదు, వాట్సాప్‌లో కూడా రాసి పంపారు. నేను నమ్మా. ఎవరైనా నమ్ముతారు, అంత గట్టిగా సెక్షన్లతో సహా చెప్తుంటే.

అది పాత రూల్. 50 లక్షల పరిమితిని 2021 ఫిబ్రవరిలోనే 20 లక్షలకి తగ్గించేసారు. 100 కోట్లు, ఆపైన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీ అయితే 20 లక్షలూ ఆపైన లోన్లకి సర్ఫేసీ వాడుకోవచ్చు. సర్ఫేసీ అంటే తెలియని వాళ్లకి చెప్తున్నా, 2002 చట్టం అది, తాకట్టు పెట్టిన ఆస్తిని కోర్టులో కేసు వెయ్యకుండానే స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం ఇస్తుంది. నేను చేరింది 2024లో. అంటే మారి మూడేళ్లయిన రూల్ వాళ్లకి తెలీదు. లోన్ల గురించి సలహా ఇవ్వడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీకి ఈ ఒక్క అంకె తెలియకపోవడం నేను క్షమించలేకపోతున్నా. 24 లక్షలు సరిగ్గా ఆ మధ్యలో ఉన్న అంకె, పాత రూల్ ప్రకారం ఇల్లు సేఫ్, కొత్త రూల్ ప్రకారం కాదు.

90 రోజులు దాటగానే మే నెలలో అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు ఫోన్లు చేసే ఉంటారు, కానీ అవన్నీ సెటిల్‌మెంట్ కంపెనీకి ఫార్వర్డ్ అయిపోతున్నాయిగా, నాదాకా ఒక్కటీ రాలేదు. జులై 22న రిజిస్టర్డ్ పోస్టులో కవర్ వచ్చింది. నేను షాపులో ఉన్నా, మా అమ్మ సంతకం పెట్టి తీసుకుని టీవీ కింద అరలో కరెంటు బిల్లులతో పాటు పెట్టేసింది. ఆవిడకేం తెలుసు పాపం, ఇంగ్లీషు కాగితం. పదకొండు రోజుల తర్వాత కరెంటు బిల్లు కోసం వెతుకుతుంటే దొరికింది. సెక్షన్ 13(2) కింద డిమాండ్ నోటీసు, 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటాం అని. కింద మా ఇంటి నాలుగు హద్దులు రాసి ఉన్నాయి, తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు అని. మా నాన్న కొన్నప్పుడు దస్తావేజులో ఉన్న మాటలే అవి. ఆ హద్దులు అట్లా నోటీసులో చదువుతుంటే చేతులు వణికాయి.

వెంటనే ఫోటో తీసి సెటిల్‌మెంట్ కంపెనీకి పంపా. "ఇది రొటీన్ నోటీసు సర్, అందరికీ పంపుతారు, మా లీగల్ టీమ్ రిప్లై ఇస్తుంది" అన్నారు. అడిగినప్పుడల్లా ప్రాసెస్‌లో ఉంది అనే మాటే. ఆగస్టు అంతా అలాగే పోయింది. వినాయక చవితి వెళ్లాక మా మావయ్య బలవంతం మీద ఇక్కడి లాయర్ గారి దగ్గరికి వెళ్లా. ఆయన నోటీసు చూసి ముందు అడిగిన మాట "బాబూ, ఇది నీ చేతికొచ్చి ఎన్నాళ్లయింది?" అప్పటికి 52 రోజులు. "ఎనిమిది రోజులున్నాయి, రాత్రికి కూర్చుందాం" అన్నారు.

ఆ ఎనిమిది రోజుల్లో ఏం చెయ్యొచ్చంటే సెక్షన్ 13(3ఎ) కింద మన అభ్యంతరాలు రాసి పంపొచ్చు, లోన్ ఇచ్చినవాళ్లు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇది చాలామందికి తెలీదు. లాయర్ గారు స్టేట్‌మెంట్ తెప్పించి స్కేలు పెట్టి ఒక్కో వరసా చూసారు, ఆలస్యానికి వేసిన పెనాల్టీని అసల్లో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేసారని పట్టుకున్నారు. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అది కుదరదు, పెనాల్టీని ఛార్జీగా విడిగా చూపించాలి, వడ్డీలాగా అసల్లో కలపకూడదు, పాత లోన్లకి కూడా 2024 జూన్ 30లోపు మార్చాలి. ఆ మాట రాసి పంపితే జవాబులో 18 వేలు తగ్గించి లెక్క మళ్లీ ఇచ్చారు. పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ నెలనెలా 6,500 తీసుకున్న లీగల్ టీమ్ ఒక్కసారి కూడా నా స్టేట్‌మెంట్ అడగలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా.

అక్టోబర్ 14న గేటుకి పొసెషన్ నోటీసు, అంటే ఇల్లు స్వాధీనం చేసుకున్నామనే కాగితం అంటించి వెళ్లారు. పేపర్లో కూడా వేసారు, ఒక ఇంగ్లీషు పేపరు, ఒక తెలుగు పేపరు. వీధిలో అందరూ చూసారు. మా ఆవిడ రెండు రోజులు గుమ్మం బయటకి రాలేదు. దీని మీద డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లాలంటే సెక్షన్ 17 కింద 45 రోజులే టైము, మాకు డీఆర్‌టీ విశాఖలో. లాయర్ గారు మాత్రం సూటిగా చెప్పారు, "కేసు వెయ్యడం పెద్ద పని కాదు, కానీ నువ్వు బాకీ ఉన్న మాట నిజం కదా, ముందు వేలం నోటీసు పడకుండా చూసుకో" అని. ఎందుకంటే ఇక్కడ కూడా చట్టం మారింది. ఇదివరకు వేలం పూర్తయ్యేదాకా డబ్బు కట్టి ఆస్తి విడిపించుకునే వీలుండేది, 2016 సవరణ తర్వాత వేలం నోటీసు పబ్లిష్ అయ్యేదాకానే ఆ హక్కు. 2023 సెప్టెంబర్‌లో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది, 2025 సెప్టెంబర్‌లో ఇంకో తీర్పులోనూ అదే మాట నిలబెట్టింది. "వేలం రోజుకి డబ్బు తెస్తాలే" అనుకునే వాళ్లు దయచేసి ఈ లైను రెండుసార్లు చదవండి.

రెండో ప్రింటింగ్ మిషన్ 2 లక్షల 60 వేలకి అమ్మేసా. బావమరిది లక్షన్నర ఇచ్చాడు. పది నెలల ఈఎంఐలు, ఛార్జీలు కలిపి నవంబర్ మూడో వారంలో మొత్తం పాత బకాయి ఒక్క రూపాయి మిగల్చకుండా కట్టేసా. కొంచెం కొంచెం కడితే లాభం లేదు, ఎన్‌పీఏ అయిన అకౌంట్ మళ్లీ మామూలు అకౌంట్ కావాలంటే పేరుకున్న వడ్డీ అసలు పాత వాయిదాలు మొత్తం కట్టాలని ఆర్‌బీఐ 2021 నవంబర్‌లోనే స్పష్టం చేసింది. చట్టం ప్రకారం వాళ్లు మొత్తం లోన్ క్లియర్ చెయ్యమని పట్టుబట్టొచ్చు, బ్రాంచ్ మేనేజర్‌తో లాయర్ గారు, నేను నాలుగుసార్లు కూర్చుని మాట్లాడితే పాత బకాయితో ఒప్పుకుని రాతపూర్వకంగా చర్య ఆపేస్తున్నట్టు ఇచ్చారు. మేనేజర్ నన్ను చూసి అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను, "మేం మార్చిలోనే ఫోన్ చేసాం సర్, వాయిదాలు మార్చి ఇద్దామని, మీ తరఫున ఎవరో ఎత్తి మీతో మాట్లాడొద్దన్నారు" అని.

సెటిల్‌మెంట్ కంపెనీ గురించి ఇంకోటి చెప్పాలి. పొసెషన్ నోటీసు చూపించాక వాళ్లు చెప్పిన పరిష్కారం "ఐబీసీ పర్సనల్ ఇన్సాల్వెన్సీ ప్యాకేజీ", అంటే దివాలా చట్టం కింద నా పేరున దివాలా పిటిషన్, 35 వేలు. ఫైల్ చెయ్యగానే అన్ని రికవరీలూ ఆగిపోతాయి అన్నారు. దేవుడి దయవల్ల అప్పటికి లాయర్ గారున్నారు కాబట్టి కట్టలేదు. 2016లో వచ్చిన ఐబీసీలో వ్యక్తుల దివాలా గురించి ఒక భాగం ఉంది నిజమే, కానీ అది ఇప్పటికి అమల్లోకి వచ్చింది కంపెనీ లోన్లకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చిన వాళ్లకి మాత్రమే, అది కూడా 2019 డిసెంబర్ 1 నుంచి. వాళ్ల మీద బ్యాంకులు వేసే కేసుల పద్ధతిని 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. నాలాగా సొంత పేరు మీద షాపు నడుపుకునే వాడికి, జీతగాడికి ఆ భాగం ఇంకా వర్తించదు. 2025 ఆగస్టు 12న లోక్‌సభలో ఐబీసీ సవరణ బిల్లు పెట్టారు, అందులో కోర్టు బయట మొదలయ్యే పద్ధతి, గ్రూపు కంపెనీలది, విదేశీ ఆస్తులది ఇలా చాలా ఉన్నాయి, కానీ మనలాంటి వాళ్ల కార్డు బాకీల గురించి కాదు. లేని తలుపుకి తాళంచెవి అమ్మినట్టు ఉంది ఆ ప్యాకేజీ.

మా మావయ్య అయితే మొదట్నుంచీ "ఐపీ పెట్టెయ్యి అల్లుడూ, గొడవ వదిలిపోద్ది" అనేవాడు. మన దగ్గర ఐపీ అంటే అందరికీ తెలుసు, ఫలానా వాడు ఐపీ పెట్టేసాడట అని ఊళ్లో చెవులు కొరుక్కోవడం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్, మనకి ఇప్పటికీ అదే దిక్కు. 500 రూపాయల అప్పున్నా వెయ్యొచ్చని అందులో రాసుంది, అంత పాతది. లాయర్ గారు చెప్పింది ఏంటంటే ఐపీ పెట్టినా తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన వాడి హక్కు ఆగదు, వాడు ఇల్లు అమ్ముకోవచ్చు. పైగా పెట్టే ముందు రెండేళ్లలో ఆస్తి భార్య పేరు మీదో తమ్ముడి పేరు మీదో ఊరికే రాసేసి ఉంటే కోర్టు దాన్ని రద్దు చెయ్యొచ్చు. ఐపీ పెడితే బాకీలన్నీ పోతాయని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

కార్డుల సంగతి. చిన్న కార్డు లక్షా 60 వేలు, కంపెనీ వాళ్లు 72 వేలకి సెటిల్ చేసారు. ఇది బానే చేసారు, ఒప్పుకోవాలి. కాకపోతే సెటిల్‌మెంట్ లెటర్ అని ఒక స్క్రీన్‌షాట్ పంపి కట్టెయ్యమన్నారు. నేను బ్యాంకు లెటర్‌హెడ్ మీద, నా కార్డు నంబరు, కట్టాల్సిన తేదీ, దీంతో ఇంకేం బాకీ లేదన్న మాట ఉన్న కాగితం వచ్చేదాకా కట్టలేదు. పన్నెండు రోజులు పట్టింది, కానీ వచ్చింది. మీరూ అట్లాగే చెయ్యండి.

పెద్ద కార్డు వడ్డీలతో 3 లక్షల 30 వేలకి చేరింది, వీళ్లు ఆర్నెల్లు ఏం తేల్చలేదు. అది చివరికి 2025 మార్చి 8న నేషనల్ లోక్ అదాలత్‌లో, అంటే రాజీతో గొడవలు తేల్చే చోట తేలింది. బ్యాంకు పంపిన కాగితం పట్టుకుని వెళ్లా, లాయర్ కూడా అక్కర్లేదు, ఫీజు లేదు. కోర్టు హాల్లో పొడుగాటి బల్ల, అటు బ్యాంకు ఆఫీసర్, ఇటు నేను, మధ్యలో జడ్జి గారు. నేను షాపు లెక్కల పుస్తకం తీసుకెళ్లా, ఏ నెల ఎంతొచ్చింది ఎంత పోయింది చూపించా. జడ్జి గారు రెండు పేజీలు తిప్పి చూసి "ఈయన ఎగ్గొట్టే మనిషిలా లేడండీ, ఎంతకి ఒప్పుకుంటారు" అని ఆఫీసర్ని అడిగారు. 1 లక్షా 40 వేలకి, మూడు వాయిదాల్లో. అక్కడికక్కడే అవార్డు రాసి సంతకాలు. ఆ అవార్డుకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు లేవలేకపోయా.

ఏజెంట్లు జైలు జైలు అని బెదిరిస్తారు కదా, దాని గురించి కూడా చెప్తా. చేతిలో డబ్బు లేక బాకీ కట్టలేని మనిషిని కేవలం ఆ కారణంగా జైల్లో పెట్టకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండి ఎగ్గొడితే వేరు. చెక్ బౌన్స్ అయితే మాత్రం అది క్రిమినల్ కేసే, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ అయినా కేసు వెయ్యడానికి సెక్షన్ ఉంది. "ఏం కాదు సర్" అన్న కంపెనీ ఈ ముక్క కూడా చెప్పలేదు.

ఇంకా చెప్పనిది సిబిల్ సంగతి, అంటే మన లోన్ల చరిత్ర చూపించే క్రెడిట్ రిపోర్టు. సెటిల్ అయిన అకౌంట్ రిపోర్టులో "సెటిల్డ్" అనే వస్తుంది, "క్లోజ్డ్" అని రాదు, రేపు ఎక్కడికెళ్లినా ముందు అదే చూస్తారు. 2023 జూన్ 8 ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, వ్యవసాయ లోన్లు కాకుండా మిగతావాటిలో, సెటిల్‌మెంట్ చేసుకున్న వాళ్లకి మళ్లీ లోన్ ఇవ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలి. ఇది జాయిన్ అయ్యే రోజే చెప్పాల్సిన మాట. నాకు చెప్పి ఉంటే చిన్న కార్డు ఎలాగోలా పూర్తిగా కట్టేసేవాణ్ణేమో.

అయితే ఎవరూ చేరకూడదా అంటే, తాకట్టు లేని కార్డులు, పర్సనల్ లోన్లు మాత్రమే ఉండి, ఫోన్లో మాట్లాడే ధైర్యం అస్సలు లేని వాళ్లకి కొంత ఉపయోగం ఉంటుంది. చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి, ఎన్‌బీఎఫ్‌సీకి సర్ఫేసీ ఎన్ని లక్షల నుంచి అని. 20 అని చెప్పలేకపోతే ఫోన్ పెట్టెయ్యండి. ఇల్లో బంగారమో తాకట్టులో ఉంటే ఆ ఈఎంఐ మాత్రం వీళ్ల మాట విని ఆపకండి, మిగతావి ఆగినా సరే ముందు అది కట్టండి. మీ ఫోన్లు ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి. ఇంటికొచ్చే రిజిస్టర్డ్ కవర్లు ఎక్కడ పెడుతున్నారో ఇంట్లో వాళ్లకి ఈరోజే చెప్పండి.

రిఫండ్ అడిగా. ఈ కంపెనీలు ఆర్‌బీఐ కింద ఉండవు, అంబుడ్స్‌మన్ వీళ్ల మీద కంప్లైంట్ తీసుకోడు, కాబట్టి కన్స్యూమర్ కమిషనే దారి, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వాళ్లు పంపిన ఆ 50 లక్షల వాట్సాప్ మెసేజ్ ప్రింట్ తీసి జత చేసి కేసు వేస్తానని మెయిల్ పెట్టా. తొమ్మిదో రోజున చివరి రెండు నెలల ఫీజు 13,000 వెనక్కి వేసారు. మిగతా దానికి కాగితాలు రెడీ చేస్తున్నా. పర్సనల్ లోన్ నడుస్తోంది, ఇంటి ఈఎంఐ ప్రతి నెలా ఐదో తారీఖునే కట్టేస్తున్నా.